హ్యూస్టన్ పక్కన కేటీలో తడిసిన ఓక్ ఫ్లోరు, రెండు డ్రైయింగ్ కంపెనీలు, మధ్యలో బెరిల్ తుఫాను: నా రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తా, ఓపిక ఉన్నవాళ్లు తర్వాత కథంతా చదువుకోండి. మొదట వచ్చిన కంపెనీకి 1 స్టార్, అది కూడా ఫోన్ చేసిన రెండు గంటల్లో ఇంటికొచ్చారు కాబట్టి. రెండో కంపెనీకి 4. రెండింటి పేర్లూ రాయట్లేదు, మొదటిదాంతో బిల్లు గొడవ ఇంకా పూర్తిగా తేలలేదు, రెండోదాని పేరు రాస్తే కమిషన్ తీసుకుని రాశాడంటారు. అయినా అసలు సంగతి పేర్లలో లేదు. హ్యూస్టన్ గాలిలో చెక్క ఎలా ఆరుతుందో తెలిసినవాళ్లు ఎవరు, ఏ ఊళ్లోనైనా ఒకటే పద్ధతి అనుకునేవాళ్లు ఎవరు, అక్కడే ఉంది తేడా అంతా.

ఇల్లు కేటీలో, స్లాబ్ అంటే నేల మీద పోసిన కాంక్రీట్ దిమ్మె మీద కట్టింది, స్లాబ్ మీద ప్లైవుడ్, దాని మీద రెడ్ ఓక్ పలకలు మేకులు కొట్టి వేశారు. ముప్పావు అంగుళం మందం, 5 అంగుళాల వెడల్పు. ఇల్లు కొన్నప్పుడు మా ఆవిడ ఈ ఫ్లోరు చూసే ఓకే అంది, నేనేమో గ్యారేజీ చూసి. 2024 జూన్ 28, శుక్రవారం రాత్రి, శాన్ ఆంటోనియో నుంచి తిరిగొచ్చి తలుపు తీస్తే కిచెన్‌లో కాళ్లకి చల్లగా తగిలింది. ఫ్రిజ్ వెనకాల ఐస్ మేకర్‌కి వెళ్లే సన్న ప్లాస్టిక్ ట్యూబు చిట్లింది. రెండు రోజులు ఇంట్లో ఎవరూ లేరు, ఎంతసేపు కారిందో దేవుడికే తెలియాలి. కిచెన్ మొత్తం, డైనింగ్‌లో సగం, లివింగ్ రూమ్ వైపు ఒక నాలుగడుగులు. ట్యూబు చూస్తే పది డాలర్లు ఉండదు.

వాల్వు కట్టేసి, ఇంట్లో ఉన్న టవల్స్ అన్నీ పరిచి, నేను చేసిన మొదటి పని కిటికీలన్నీ తెరవడం. నన్ను తిట్టుకోకండి, దీనికో చరిత్ర ఉంది. మాది అనంతపురం. మా ఊళ్లో తడి అనేది ఒక సమస్యే కాదు, పొద్దున ఆరేసిన దుప్పటి గంటకి అప్పడంలా అయిపోద్ది, మా అమ్మ మేడ మీద పెట్టిన వడియాలు సాయంత్రానికి గలగలమంటాయి. కేటీకి రాకముందు ఆరేళ్లు ఆరిజోనాలో ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉన్నాం, అక్కడా అదే వాతావరణం అనుకోండి. అక్కడ ఒక మే నెలలో వాటర్ హీటర్ లీకై హాల్లో చెక్క ఫ్లోరు తడిస్తే కిటికీలు తెరిచి నాలుగు బాక్స్ ఫ్యాన్లు పెట్టా, వారంలో మామూలైపోయింది. ఒకచోట పలకల మధ్య పోస్టుకార్డు దూరేంత సందు మిగిలింది, అంతే. కాబట్టి తడి అంటే కిటికీ తెరువు అన్నది నా రక్తంలో ఉంది. రాత్రి అమ్మకి ఫోన్ చేస్తే ఆవిడా అదే, "గాలి ఆడనీ నాయనా, దానంతటదే ఆరతాది" అంది.

మా ఆవిడది కాకినాడ. ఆవిడ వెనకాలే వచ్చి ఒక్కో కిటికీ మూసేసుకుంటూ వెళ్లింది. "ఏవండీ, బయట గాలి చూశారా, అద్దాలకి చెమట పట్టింది, ఇది మీ అనంతపురం గాలి కాదండీ, మా కాకినాడ గాలి. మా ఇంట్లో వర్షాకాలం వస్తే టేకు తలుపు గడియ పడదు, సంక్రాంతికి అదే తలుపు వదులైపోతుంది, చెక్క నీళ్లు తాగడానికి దాని మీద నీళ్లు పొయ్యక్కర్లేదు." ఇక్కడ ఒప్పేసుకుంటున్నా, తర్వాత ఐదు నెలల్లో ఎక్స్‌పర్టులు నాకు చెప్పినదాంట్లో ముప్పావు వంతు ఈ రెండు వాక్యాల్లోనే ఉంది. ఆ రాత్రి మాత్రం నేను వినలేదు, ఆవిడ పడుకున్నాక రెండు కిటికీలు మళ్లీ తెరిచా.

శనివారం పొద్దున మొదటి కంపెనీ. ఇద్దరు కుర్రాళ్లు, మంచి యూనిఫాం, ట్రక్కు మీద 24 గంటల సర్వీస్ అని పెద్ద అక్షరాలు. మీటర్ లాంటిది నేల మీద ఆనించి "తడి ఉంది" అన్నారు, అది మాకూ తెలుసు. ఆరు బ్లోయర్లు పెట్టారు, ఏసీ ఆపెయ్యమన్నారు, వేడిగా ఉంటే తొందరగా ఆరుతుందట, తడి గాలి బయటికి పోవడానికి వెనక తలుపు బెత్తెడు తెరిచి పెట్టమన్నారు. డీహ్యుమిడిఫయర్ (గాలిలో తేమ లాగేసే మెషీన్) ఏది అంటే స్టాక్ లేదు, సోమవారం తెస్తాం అన్నారు. నా ముఖం వెలిగిపోయింది, చూశావా అన్నట్టు మా ఆవిడ వైపు చూశా. ఆవిడ ఏమీ అనలేదు, వంటింట్లో ఊరమిరపకాయల డబ్బా మూత ఇంకొంచెం గట్టిగా బిగించింది.

సోమవారానికి పలకలన్నీ అంచుల దగ్గర లేచాయి, ఉత్త కాళ్లతో నడిస్తే రేకుల కప్పు మీద నడిచినట్టు ఉంది. దీన్ని కప్పింగ్ అంటారు. పలక కింది భాగం తడికి ఉబ్బుతుంది, పై భాగం అంతగా ఉబ్బదు, దాంతో అంచులు పైకి వంగి మధ్యలో గుంట పడుతుంది. కొంత కప్పింగ్ ఎలాగూ వచ్చేది, దానికి కంపెనీని తిట్టను. తిట్టేది దేనికంటే, అసలు నీళ్లు చేరని డైనింగ్ అవతలి సగం కూడా ఉబ్బడం మొదలైంది, దానికి. థర్మోస్టాట్‌లో ఇంటి లోపలి తేమ 74% చూపిస్తోంది, మామూలుగా మా ఇంట్లో 50 చుట్టూ ఉంటుంది. లెక్క అప్పుడు తెలియదు, తర్వాత కూర్చుని చదువుకున్నా. చెక్క ఎప్పుడూ చుట్టూ ఉన్న గాలితో రాజీ పడిపోతుంది. 70 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో గాలి తేమ 30% ఉంటే చెక్కలో తేమ 6 శాతం దగ్గర ఆగుతుంది, 50% ఉంటే 9 దగ్గర, 70% ఉంటే 13, 80% ఉంటే 16. అంటే 74% తేమ ఉన్న ఇంట్లో ఆరు కాదు అరవై బ్లోయర్లు పెట్టినా ఆ ఓక్ 14 కన్నా కిందికి దిగదు, పైగా 9 దగ్గర హాయిగా ఉన్న పొడి పలకలు కూడా 14కి ఎక్కుతాయి. ఫ్యాన్లతో మేం చేసిందేంటంటే కింద ఉన్న నీళ్లని గాలిలోకి లేపి ఇల్లంతా పంచిపెట్టడం.

తలుపు తెరిచి పెట్టడం ఇంకా అన్యాయం. డ్రైయింగ్ పని చేసేవాళ్లు తేమని శాతాల్లో కాకుండా గ్రెయిన్స్‌లో లెక్క పెడతారు, ఒక పౌండు గాలిలో ఎంత బరువు నీటి ఆవిరి ఉందో అది. ఏసీ వేసి 75 డిగ్రీలు, 50% తేమ దగ్గర ఉన్న ఇంట్లో గాలికి 65 గ్రెయిన్స్ ఉంటాయి. జూన్, జూలైల్లో హ్యూస్టన్‌లో డ్యూ పాయింట్ (గాలిలో ఆవిరి నీళ్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 75 దాకా ఉండటం మామూలే, ఆ గాలిలో 130 పైచిలుకు. అంటే బెత్తెడు తలుపులోంచి బయటికి పోయే గాలి కన్నా లోపలికొచ్చే గాలికి రెండింతల నీళ్లు. చాండ్లర్‌లో మే నెల మధ్యాహ్నం గాలి తేమ పది, పదిహేను శాతం, అక్కడ అదే తలుపు తెరిస్తే ఉచితంగా డీహ్యుమిడిఫయర్ పెట్టినట్టే. మా అమ్మ చెప్పింది కరెక్టే, ఊరే తప్పు.

మంగళవారం ఒక డీహ్యుమిడిఫయర్ తెచ్చారు, ఇళ్లల్లో బేస్‌మెంట్‌కి కొనుక్కునేంత సైజుది. జూలై 3, బుధవారం సూపర్‌వైజర్ వచ్చి మళ్లీ మీటర్ పైపైన ఆనించి "15 ఉంది, డ్రై అయినట్టే, వచ్చే వారం శాండింగ్ (ఫ్లోరు గీకి చదును చెయ్యడం), పాలిష్ మా దగ్గరే ప్యాకేజీ ఉంది" అని కాగితం తీశాడు. సంతకానికి పెన్ను కూడా అతనే ఇచ్చాడు. మా ఆవిడ అడ్డుపడి, మా పక్క వీధిలో ఉండే గుంటూరు ఆయన 2021 ఫిబ్రవరి చలి తుఫానులో పైపులు పగిలినప్పుడు పిలిచిన వాళ్లకి ఫోన్ చెయ్యమంది. ఆ సాయంత్రమే వచ్చారు, మర్నాడు జూలై 4 సెలవైనా.

రెండో కంపెనీ నుంచి వచ్చింది ఒక్కడే మనిషి, యాభై దాటి ఉంటాయి, మోకాలికి ప్యాడ్లు కట్టుకుని దిగాడు. వచ్చీ రాగానే ఏసీ 74కి పెట్టించి తలుపు మూయించాడు, మా ఆవిడ ముఖంలో ఆ వెలుగు వర్ణించలేను. తర్వాత తడి గదికి వెళ్లకుండా మేడ మీదికి వెళ్తానన్నాడు. నాకు అర్థం కాలేదు, నీళ్లు కింద కదా అన్నా. మేడ మీద ఆఫీస్ రూమ్‌లో అదే ఓక్ ఉంది, అక్కడ పిన్నులు గుచ్చి చూస్తే 9 వచ్చింది, దాన్ని రాసుకున్నాడు. "ఇదే మీ ఇంటి డ్రై నంబర్, కింద ఫ్లోరుని ఇక్కడికి తేవాలి, మహా అయితే రెండు పాయింట్లు అటూ ఇటూ." నాకు ఈ ఒక్క పనితోనే నమ్మకం కుదిరింది. ఎందుకంటే అన్ని ఊళ్లకీ కలిపి పొడి చెక్కకి ఒక నంబర్ లేదు. ఇదే పలక చాండ్లర్‌లో అయితే 6 దగ్గర ఉండేది, అక్కడ 11 అంటే ఇంకా తడే. ఏసీ లేకుండా గల్వెస్టన్ బీచ్ దగ్గర వదిలేసిన ఇంట్లో 12, 13 అంటే అదే పొడి. ఇంట్లో తడవని చోట కొలవకుండా ఎవడైనా డ్రై అయింది అంటే వాడు ఊహించి చెప్తున్నట్టే.

కింద కొలిచే పద్ధతి కూడా వేరు. సుత్తి లాంటి పిడికి రెండు పొడవాటి పిన్నులు, మొన తప్ప మిగతాదంతా ఇన్సులేషన్, పలకల్లోకి దిగ్గొట్టి లోతు లోతుకీ రీడింగ్ తీశాడు. పైన 15, నిజమే, మొదటి కంపెనీ అబద్ధం చెప్పలేదు. పలక అడుగున 24. దాని కింద ప్లైవుడ్‌లో 30 దాటింది. పై పొర మీద పాలియురేథేన్ పూత ఉంది, అది నీళ్లని లోపలికి ఆలస్యంగా పోనిస్తుంది, అలాగే బయటికి కూడా ఆలస్యంగానే రానిస్తుంది. కింద స్లాబ్, దాని మీద ప్లాస్టిక్ షీటు, అటు దారే లేదు. అంటే నీళ్లు రెండు మూతల మధ్య ఇరుక్కున్నాయి, పైన గాలి ఆడించడం మూత మీద విసనకర్రతో విసరడమే. ఈ రంగంలో పద్ధతులు ఖరారు చేసే ఐఐసీఆర్‌సీ అనే సంస్థ వాళ్ల ఎస్500 అని ఒక స్టాండర్డ్ ఉంది, అందులో నీటి డ్యామేజీని నాలుగు క్లాసులు చేశారు, హార్డ్‌వుడ్, కాంక్రీట్, ప్లాస్టర్ లాంటివి లోపల తడిస్తే నాలుగో క్లాసు, అంటే మామూలు ఫ్యాన్లతో పోయేది కాదు, ప్రత్యేకంగా ఆరబెట్టాలి అని. మొదటివాళ్ల కాగితంలో క్లాసు అనే గడి ఖాళీగా ఉంది, తర్వాత చూశా.

పెట్టిన సామాను: చాప లాంటి ప్యానెళ్లు పన్నెండు, ఫ్లోరుకి టేపుతో అతికించి పైపులతో ఒక వాక్యూమ్ మోటారుకి కలిపారు, పలకల సందుల్లోంచి అడుగున ఉన్న తడి గాలిని లాగుతాయి. రెండు పెద్ద ఎల్‌జీఆర్ డీహ్యుమిడిఫయర్లు, ఇవి మామూలు వాటికన్నా గాలిని ఇంకా బాగా పొడిచేస్తాయి, వెచ్చగా ఉక్కగా ఉండే హ్యూస్టన్‌కి సరిగ్గా సరిపోయే మెషీన్. కిచెన్, డైనింగ్ చుట్టూ ప్లాస్టిక్ షీటుతో గుడారం కట్టేశాడు, ఇల్లంతా ఎండబెట్టే బదులు తడిసిన భాగానికే చిన్న అనంతపురం తయారు చేసినట్టు. ఫ్రిజ్ కింద నాలుగు పలకలు పీకేశాడు, ప్లైవుడ్‌కి దారి కావాలని. మొదటి రాత్రి ఒక మెషీన్ నీళ్లు బకెట్లోకి పెట్టి చూశా, 5 గ్యాలన్ల బకెట్ తెల్లారేసరికి పొర్లింది. ఆ నీళ్లు అన్నాళ్లూ మా కాళ్ల కింద, కాదు, మేం పీల్చే గాలిలో ఉన్నాయి.

శబ్దం మాత్రం భరించలేం. రైస్ మిల్లులో కాపురం ఉన్నట్టే. పొయ్యి గుడారం లోపల ఇరుక్కుపోయింది కాబట్టి పది రోజులు గ్యారేజీలో ఇండక్షన్ స్టవ్ మీద చారూ అన్నం.

ఇక్కడ మిన్నియాపోలిస్‌లో ఉండే మా పెద్దనాన్న కొడుకు సంగతి చెప్పాలి, ఫోన్‌లో నా గోడు విని నవ్వాడు. వాళ్లింట్లో జనవరిలో డిష్‌వాషర్ లీకైతే అక్కడి మనిషి వచ్చి కిటికీ కాస్త తెరిచి హీటర్ పెంచాడట. వినడానికి మా మొదటి కంపెనీ చేసిందే కదా, కానీ అక్కడ అది కరెక్టు. గడ్డకట్టే చలిలో గాలి నీళ్లని మొయ్యలేదు, ఆ గాలిని లోపలికి తెచ్చి 70 డిగ్రీలకి వేడిచేస్తే ఎడారి గాలి కన్నా పొడి అవుతుంది. వాళ్ల సమస్య తిరగబడింది, మరీ వేగంగా ఆరిపోయి పలకలు అక్కడక్కడా పగుళ్లిచ్చాయి, వాళ్లకి ఆరబెట్టడం కన్నా ఆపడం కష్టమైంది. అదే ఇంట్లో ఆగస్టులో లీకై ఉంటే కథ వేరే అన్నాడు. ఒకే స్టాండర్డ్, ఒకే మెషీన్లు, ఊరూ నెలా మారితే మందు విషమైపోతుంది.

జూలై 7, ఆదివారం సాయంత్రం అడుగున రీడింగ్ 16కి దిగింది. సోమవారం తెల్లవారుజామున బెరిల్ వచ్చింది. మ్యాటగోర్డా దగ్గర తీరం దాటింది, కేటగిరీ 1 మాత్రమే, 2017లో హార్వీ చూసినవాళ్లు ఇదో లెక్కా అన్నారు, కానీ హ్యూస్టన్ చుట్టుపక్కల ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది. మాకు శుక్రవారం దాకా రాలేదు. ఏసీ లేదు, మెషీన్లు లేవు, ఇంట్లో 87 డిగ్రీలు, బ్యాటరీతో నడిచే తేమ మీటర్ కొంటే అందులో 80%. ఉక్కపోతకి కిటికీ తెరుద్దామా అంటే రాత్రిళ్లు బయట 90% దాటుతోంది. మా ఊళ్లో వేసవి రాత్రి తలుపులు బార్లా తీసి ఆరుబయట మంచం వేస్తే హాయి, ఇక్కడ రాత్రి గాలే ఎక్కువ చెమ్మ. చివరికి ప్యానెళ్లు అలాగే వదిలేసి, కిటికీలన్నీ మూసేసి, కరెంటున్న షుగర్‌ల్యాండ్ స్నేహితుల ఇంట్లో నాలుగు రాత్రులు పడుకున్నాం. తిరిగొచ్చేసరికి 16 కాస్తా 19.

నేను ఒక స్టార్ కోసింది ఈ నాలుగు రోజులకే. తుఫాను వాళ్ల తప్పు కాదు. కానీ రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు, మూడో రోజు ట్రక్కులో వచ్చి మా రెండు మెషీన్లలో ఒకటి జనరేటర్ ఉన్న వేరే ఇంటికి పట్టుకుపోయారు, ఇక్కడ ఊరికే పడుంది కదా అని. లాజిక్ ఒప్పుకుంటా, ముందు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. జూన్ నుంచి నవంబర్ దాకా హరికేన్ సీజన్ ఉన్న ఊళ్లో వ్యాపారం చేస్తూ జనరేటర్ ప్లాన్ లేకపోవడమేంటి అని కూడా అడిగా, దానికి ఆ పెద్దాయన నిజాయితీగానే చెప్పాడు, ఊరంతా ఒకేసారి అడిగితే ఎవరి దగ్గరా ఉండవు, మీరే అద్దెకి మాట్లాడుకుని పెట్టుకోండి అని. ఇది ముందే తెలిసుంటే బెరిల్‌కి రెండు రోజుల ముందే నేను ఒకటి తెచ్చుకునేవాణ్ణి.

శనివారం మళ్లీ మొదలు, పోయిన మెషీన్ కూడా తిరిగొచ్చింది. ప్యానెల్ తియ్యగానే ముక్కిపోయిన వాసన. డిష్‌వాషర్ పక్క కేబినెట్ అడుగున బూజు, అరచేతి వెడల్పు మచ్చలు మూడు. తడిసినవి 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు మొదలవుతుందని ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ) వాళ్లే చెప్తారు, మాకు రెండు వారాలైంది, అదీ 87 డిగ్రీల ఉక్కలో, మూడు మచ్చలతో పోయిందంటే అదృష్టమే. టెక్సాస్‌లో ఒక రూల్ ఉంది, ఆనుకుని ఉన్న బూజు 25 చదరపు అడుగులు, ఆపైన ఉంటే లైసెన్స్ ఉన్నవాళ్లే తియ్యాలి, ఎంత ఉందో తేల్చేవాడు, తీసేవాడు ఒకే పనిలో ఒకడే అవ్వకూడదు. మాది అంత లేదు, కేబినెట్ అడుగు పలక కోసి పారేశారు. ఇల్లంతా బూజు, ఎనిమిది వేలు అవుతుంది అని మొదటి కంపెనీ మెయిల్ పెట్టింది మధ్యలో, ఇంటికి రాకుండానే. 1 స్టార్ అని ఊరికే అనలేదు.

జూలై 22కి అడుగున 11, ప్లైవుడ్ 12. మెషీన్లు తీసేశారు. పలకలు సగానికి సగం వాటంతటవే చదును అయ్యాయి, మిగతావి ఇంకా కొంచెం గుంటలు. వెంటనే శాండింగ్ చేయించేద్దాం అన్నా నేను, పండక్కి చుట్టాలొస్తారు. పెద్దాయన వద్దన్నాడు, ఏసీ ఇలాగే ఉంచి ఎండాకాలం పోనివ్వమన్నాడు. లేచిన అంచుల్ని ఇప్పుడు గీకి చదును చేస్తే, లోపలి మిగతా తడి పోయాక ఆ అంచులు కిందికి దిగి మధ్యలో బోడి మూపురం మిగులుతుంది, దాన్ని క్రౌనింగ్ అంటారు, మళ్లీ గీకించుకోవాలి, ఒక ఫ్లోరుని ఎన్నిసార్లని గీకుతాం. మొదటి కంపెనీ ప్యాకేజీకి జూలై 3న సంతకం పెట్టి ఉంటే అడుగున 24 ఉన్న పలకల్ని గీకేవాళ్లు.

దీని లెక్క ఒకసారి వేసి చూసుకున్నా, నమ్మబుద్ధి కాలేదు. రెడ్ ఓక్ వెడల్పు ఒక్కో పాయింట్ తేమకి దాదాపు 0.0037 వంతు మారుతుంది. 5 అంగుళాల పలక 8 నుంచి 14కి వెళ్తే పదో వంతు అంగుళం పైన పెరుగుతుంది, అదెంత అనిపిస్తుంది, కానీ 12 అడుగుల గదిలో పలకలన్నీ కలిపితే 3 అంగుళాలు. అంత చోటు గోడ దగ్గర ఎవరూ వదలరు, అందుకే కొన్ని ఇళ్లల్లో ఫ్లోరు ఏకంగా గుడారంలా లేస్తుంది. సన్న పలకలకి సందులు ఎక్కువ కాబట్టి ఆ మార్పు పంచుకుపోతుంది. వెడల్పు పలకలే ఫ్యాషన్ కదా ఇప్పుడు, 7, 8 అంగుళాలవి హ్యూస్టన్‌లో వేయించుకునే మనవాళ్లు ఒక్కసారి ఆలోచించుకోండి. కొత్తగా వేసేటప్పుడు కూడా 3 అంగుళాలు, ఆపైన వెడల్పు పలకలకి, కింద ప్లైవుడ్‌కి తేమ తేడా 2 పాయింట్లు దాటకూడదని రూలు, సన్నవాటికి 4 దాకా ఫర్వాలేదు.

నవంబర్ మూడో వారంలో మళ్లీ గుచ్చి చూస్తే కిచెన్‌లో 9, మేడ మీద 9. అప్పుడు శాండింగ్ చేశారు, మూడు రోజుల పని. పీకిన నాలుగు పలకల చోట కొత్త ఓక్ పలకలు తెచ్చి రెండు వారాలు మా ఇంట్లోనే ఊరికే పెట్టి అప్పుడు వేశారు, మా ఇంటి గాలికి అలవాటు పడాలని. రంగు కొంచెం తేడా, తెలిసినవాళ్లకే కనిపిస్తుంది.

డబ్బుల సంగతి క్లుప్తంగా. పైపు హఠాత్తుగా చిట్లింది కాబట్టి హోమ్ ఇన్సూరెన్స్ ఒప్పుకుంది, నెలల తరబడి చుక్క చుక్క కారింది అనుకుంటే కొట్టేసేవాళ్లు, అందుకే ఆ చిట్లిన ట్యూబు పారెయ్యకుండా కవర్లో పెట్టి ఉంచడం చాలా పనికొచ్చింది. వర్షపు వరద అయితే ఈ పాలసీ ఒక్క పైసా ఇవ్వదు, దానికి ఫ్లడ్ పాలసీ వేరే ఉండాలి. రెండో కంపెనీ ఆరబెట్టినందుకు 6,800 డాలర్లు, శాండింగ్ వేరే, నా డిడక్టబుల్ (మన జేబులోంచి కట్టాల్సిన వాటా) పోగా మిగతాది వచ్చింది. మొదటి కంపెనీ నాలుగు రోజుల ఫ్యాన్లకి 3,100 వేసింది, దాన్ని ఇన్సూరెన్స్ తరఫున లెక్క తేల్చే అడ్జస్టర్ ఒప్పుకోలేదు, ఎందుకంటే వాళ్ల దగ్గర రోజువారీ రీడింగుల షీటే లేదు. పెద్దాయన వచ్చిన ప్రతి రోజూ గుచ్చి తేదీ వేసి రాసినవి ఉన్నాయి, కరెంటు లేక రాని రోజులేవో కూడా రాసి ఉంది, అడ్జస్టర్ వాటిని చూసి ఇంకో ప్రశ్న వెయ్యలేదు. కరెంటు బిల్లు 190 ఎక్కువొచ్చింది, అది ఎవరూ ఇవ్వలేదు, బిల్లు ఇన్సూరెన్స్‌కి పంపొచ్చని నాకు చెప్పినవాడు లేడు, పెద్దాయనతో సహా.

ఎవరినైనా పిలిచేటప్పుడు నేను అడిగేది ఇప్పుడు ఒకటే, మా ఇంట్లో తడవని చోట ముందు కొలుస్తారా అని. అవును అంటే మిగతావి మాట్లాడొచ్చు. కిటికీలు తెరవమంటే, అది జూలైలో హ్యూస్టన్ అయితే, థ్యాంక్యూ చెప్పి పంపెయ్యండి, అదే ఫీనిక్స్‌లో మే అయితే కూర్చోబెట్టి కాఫీ ఇవ్వండి. ఫీనిక్స్‌లో కూడా జూలై, ఆగస్టు మాన్సూన్‌లో మళ్లీ ఆలోచించాలి, అక్కడున్న ఆరేళ్లలో ఆ రెండు నెలల్లోనే మా అమ్మ పంపిన అప్పడాలు మెత్తబడేవి.

థర్మోస్టాట్‌లో ఫ్యాన్ ఎప్పుడూ ఆటోలో పెట్టమన్నాడు పెద్దాయన వెళ్తూ వెళ్తూ. ఆన్‌లో పెడితే ఏసీ ఆగిన తర్వాత కూడా ఫ్యాన్ తిరిగి, కాయిల్ మీద పట్టిన నీళ్లని మళ్లీ ఇంట్లోకి ఊదుతుందట. ఆరేళ్లు చాండ్లర్‌లో ఆన్‌లో పెట్టడం నా అలవాటు, ఇప్పటికీ చెయ్యి అటే పోతుంది. మా ఆవిడ బెరిల్ టైమ్‌లో కొన్న ఆ తేమ మీటర్‌ని ఊరమిరపకాయల డబ్బా పక్కనే పెట్టింది, పొద్దున కాఫీ పెడుతూ నంబర్ చదువుతుంది, ఇవాళ 48 అంది. ఫ్రిజ్ ముందు ఒక పలక మాత్రం ఇంకా కాలికి కొంచెం తగులుతూనే ఉంది, వచ్చే చలికాలం దాకా చూద్దాం అన్నారు, దాని మీద ప్రస్తుతానికి చాప వేసి ఉంది.